వెండి పనికి చిన్న లేత్: రాణిగంజ్ నుంచి బల్ల మీదికి

మే నెలాఖరు: ముందు పని, తర్వాత మిషను

మిషన్ల ఫొటోలు చూస్తూ కూర్చుంటే ప్రతిదీ కొనాలనే అనిపిస్తుంది. అందుకే లేత్ (వస్తువును తిప్పుతూ టూల్‌తో కోసే మిషను) వస్తే దాని మీద ఏం చేస్తానో ముందు ఒక కాగితం మీద రాశాను. ఉంగరం రెండు అంచులూ సమంగా వచ్చేలా ఫేసింగ్, అంటే పక్కలను చదునుగా కోయడం. రాయి కూర్చునే కప్పు లోపల సన్నటి మెట్టు. దిద్దు శీల తల. గాజు పక్కలు నున్నగా తీసి పైన రెండు గీతలు. పోతకు ఇచ్చే మైనపు ఉంగరాలు. ఇంకా పంచ్‌లు, డైలు, లింకులు చుట్టుకునే కడ్డీలు... రాస్తూ పోతే సగానికి పైగా నగలు కావు, నగలు చేయడానికి కావలసిన పనిముట్లు. దాంతో ఒక సంగతి తేలిపోయింది. వెండిని మాత్రమే కోసే సుకుమారమైన మిషను నాకు చాలదు, కాస్త ఉక్కు కూడా కోయగలగాలి.

మిగతా షరతులు మా ఇంటివి. మల్కాజిగిరిలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సింగిల్ ఫేజ్ కరెంటు. బాల్కనీని ఆనుకుని ఒక చిన్న గది. మిషనూ దాని సరంజామా అంతా కలిపి లక్ష రూపాయల లోపు తేలాలి.

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో నాకు పని నేర్పిన బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. దాగలి (ఇనప దిమ్మె), కమ్మచ్చు (తీగ లాగే పలక), కుంపటి తప్ప ఇంకోటి అక్కర్లేదనే మనిషి. "లేత్ మీద తిప్పితే పొట్టు ఎంత పోతదో లెక్కేసినవా బిడ్డా? తరుగు ఎవరు పెట్టుకుంటరు?" అన్నారు.

లెక్కేశాను. లోపల 18 మి.మీ., బయట 21 మి.మీ., వెడల్పు 5 మి.మీ. ఉన్న సాదా ఉంగరం స్టెర్లింగ్ వెండిలో 4.8 గ్రాముల దాకా తూగుతుంది. అదే ఉంగరాన్ని 22 మి.మీ. గుండ్రటి కడ్డీ నుంచి తీస్తే, ముక్కను కోసి విడదీసే పార్టింగ్ టూల్ తినేసే ఒక మిల్లీమీటరుతో కలిపి 6 మి.మీ. ముక్క ఖర్చవుతుంది. దాని బరువు దాదాపు 23.6 గ్రాములు. అంటే అయిదు గ్రాముల ఉంగరానికి పందొమ్మిది గ్రాముల పొట్టు. ఇత్తడిలో అయితే పోనీలే అనుకోవచ్చు. వెండిలో ఇది పిచ్చి పని, బంగారంలో అయితే ఆలోచించడానికే భయం.

కాబట్టి లేత్ మీద నగ పుట్టకూడదు. పట్టీ వంచి, అతుకు పెట్టి, సుత్తితో గుండ్రంగా కొట్టి, చివరి అర మిల్లీమీటరు కోసం మాత్రమే లేత్ ఎక్కాలి. అలాగైతే పోయేది అర గ్రాము, అదీ ట్రేలోనే దొరుకుతుంది. ఇక్కడే మిషను ఎంపిక సగం తేలిందనుకోవచ్చు. నేను పట్టించాల్సింది పొడుగాటి కడ్డీలను కాదు, ముందే తయారైన పల్చటి చుట్టలను. పల్చటి చుట్టను నలగకుండా, గీతలు పడకుండా, కేంద్రం తప్పకుండా పట్టుకోవడమే ఈ పని మొత్తంలో కష్టమైన భాగం.

జూన్ మొదటి వారం: "ఎన్ని అడుగులది?"

రాణిగంజ్‌లో బేరింగులు, పంపులు, డ్రిల్ బిట్లు, కటింగ్ టూల్స్ ఏది కావాలన్నా దొరుకుతుంది. లేత్ అనగానే ప్రతి షాపులోనూ ఒకటే ఎదురు ప్రశ్న: "ఎన్ని అడుగులది?" మన దగ్గర మామూలు లేత్‌ను బెడ్ (మిషను కింది పొడుగాటి ఆధారం) పొడవును బట్టే అడుగుతారు. నాలుగున్నర అడుగులు, ఆరడుగులు, ఎనిమిది అడుగులు. రాజ్‌కోట్ నుంచీ పంజాబ్‌లోని బటాలా నుంచీ వచ్చే పోత ఇనుము మిషన్లవి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ బరువు క్వింటాళ్లలో. మా ఇంటి ఓనరు ముఖం గుర్తొచ్చి బయటికి వచ్చేశాను.

ఆభరణాల పనికి పొడవు దాదాపు దండగ. నా జాబితాలో అన్నిటికంటే పొడవైన వస్తువు నాలుగంగుళాల పంచ్. చూడాల్సింది స్వింగ్, అంటే ఎంత వ్యాసం ఉన్న వస్తువు బెడ్‌కు తగలకుండా తిరుగుతుంది అన్నది. అందులోనూ రెండు అంకెలుంటాయి. బెడ్ మీద స్వింగ్ ఒకటి, క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) మీద స్వింగ్ ఇంకోటి. మొదటిదాన్ని పెద్ద అక్షరాలతో వేస్తారు, రెండోదాన్ని వెతుక్కోవాలి. నాకు ముఖ్యమైంది రెండోది, ఎందుకంటే గాజులు.

గాజు కొలతలు మనవాళ్లకు నోటికి వచ్చినవే: రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. ఆ రెండో అంకె అంగుళంలో పదహారో వంతులు. రెండు-నాలుగు అంటే రెండుంపావు అంగుళాలు, 57.15 మి.మీ. లోపలి వ్యాసం. రెండు-ఆరు అంటే 60.3 మి.మీ. రెండు-ఎనిమిది అంటే రెండున్నర అంగుళాలు, 63.5 మి.మీ. దానికి మూడేసి మిల్లీమీటర్ల మందం కలిపితే బయటి వ్యాసం 70 మి.మీ. దగ్గరికి వస్తుంది. అది క్రాస్ స్లైడ్ పైన ఇబ్బంది లేకుండా తిరగాలి.

ఈ ఒక్క అంకె పట్టుకుని చూస్తే ఎన్నో మంచి మిషన్లు పక్కకు తప్పుకున్నాయి. అమెరికాలో తయారయ్యే షెర్‌లైన్ చిన్న లేత్ చాలామంది నగల పనివాళ్లకు ఇష్టమైనది. నాణ్యతలో వంక పెట్టలేం. బెడ్ మీద స్వింగ్ మూడున్నర అంగుళాలు, అంటే 89 మి.మీ. గాజుకు సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ క్రాస్ స్లైడ్ మీద ఉన్నది ఒకటీముప్పావు అంగుళమే, 44 మి.మీ. ఎత్తు పెంచే దిమ్మెలు విడిగా అమ్ముతారు, వాటితో గాజు పడుతుంది. అయితే షిప్పింగ్, కస్టమ్స్ కలిపేసరికి నా లక్ష అక్కడికే అయిపోతుంది. ఉంగరాలు, దిద్దులు మాత్రమే చేసుకునేవాళ్లు, బడ్జెట్ ఉన్నవాళ్లు ఇంకేం ఆలోచించకుండా అదే కొనుక్కోవచ్చు.

అదే వారం: స్పీడు లెక్క

కాగితం మీద ఇంకో లెక్క. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో వెండి, ఇత్తడి కోసేటప్పుడు నిమిషానికి 50 మీటర్ల కోత వేగం అనుకుంటే, 22 మి.మీ. ఉంగరానికి 720 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) కావాలి. 68 మి.మీ. గాజుకు 235 చాలు. ఒక మిల్లీమీటరు దిద్దు శీలకు మాత్రం దాదాపు 16 వేలు వస్తుంది. అంత వేగం ఈ తరగతి మిషన్లలో ఉండదు కాబట్టి ఉన్నంతలో పై స్పీడులో పెట్టి, టూల్‌ను కత్తిలా పదును పెట్టుకుని, నెమ్మదిగా కోసుకోవడమే.

శీల సంగతి కాకుండా చూస్తే, కింద రెండు వందల ఆర్‌పీఎం దగ్గర బలం ఉండాలి, పైన రెండు వేలు దాటాలి. చవక మిషన్లలో ఎలక్ట్రానిక్ నాబ్ తిప్పి స్పీడు తగ్గించవచ్చు, కానీ పాత రకం బ్రష్ మోటారు అయితే స్పీడుతో పాటు లాగే శక్తి కూడా తగ్గిపోతుంది. గాజు మీద టూల్ ఆనించగానే ఆగిపోతుంది. బ్రష్‌లెస్ మోటారు ఉన్నవి కింది స్పీడులో బాగా నిలబడతాయి. ధర కాస్త ఎక్కువైనా దీనికి ఖర్చు పెట్టవచ్చని రాసుకున్నాను.

మరలు కోయడానికి లీడ్ స్క్రూ, గేర్ల సెట్టు ఉందా అని షాపువాళ్లు గొప్పగా చెబుతారు. ఉంటే మంచిదే. కానీ దిద్దుల శీలకు మర వేసేది చిన్న డైతో, చేత్తోనే. నగల పనికి గేర్ల సెట్టు డబ్బాలోనే ఉండిపోతుంది.

జూన్ రెండో వారం: బాలానగర్ పాఠం

దేశంలో పేరున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉన్నది బాలానగర్‌లోనే. ఆ చుట్టుపక్కల సందుల్లో ఒకటి రెండు లేత్‌లతో నడిచే షెడ్లు బోలెడు. మా తమ్ముడి స్నేహితుడి వాళ్ల నాన్న అక్కడే టర్నర్‌గా చేసి, ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్నారు. మామా అని పిలిస్తే చాలు, పని ఆపి మరీ చెబుతారు.

నా ఫోన్‌లో మిషన్ల ఫొటోలు చూసి ఒక్కదాని గురించీ మాట్లాడలేదు. ముందు ఒక పల్చటి ఇత్తడి గొట్టం ముక్కను త్రీ-జా చక్‌లో (మూడు దవడల బిగింపు) గట్టిగా బిగించి, లోపల బోరింగ్ చేసి, అంటే రంధ్రాన్ని కోసి పెద్దది చేసి, "డయల్ పెట్టి చూడు, గుండ్రంగ ఉన్నదా?" అన్నారు. డయల్ అంటే సన్నటి తేడాలను ముల్లుతో చూపే కొలత పనిముట్టు. ముల్లు కదల్లేదు. చక్ వదులు చేసి ముక్కను బయటికి తీసి వర్నియర్ చేతికిచ్చారు. మూడు చోట్ల ఉబ్బు, మూడు చోట్ల నొక్కు. బిగించినప్పుడు మూడు దవడలు గొట్టాన్ని నొక్కేశాయి, నొక్కిన ఆకారంలో గుండ్రంగా కోశాం, వదలగానే అది తన పాత ఆకారానికి పోయి లోపలి గుండ్రం చెడింది.

"గిదే నీ ఉంగరం. మిషను మంచిదా చెడ్డదా తర్వాత. పట్టు ఎట్ల పడతవో అది చూసుకో" అన్నారు.

నాకు ఈ వెతుకులాట మొత్తంలో ఇంతకంటే విలువైన మాట దొరకలేదు. ఆ రోజే బడ్జెట్‌ను రెండుగా విడగొట్టాను: మూడింట రెండు వంతులు మిషనుకు, మిగిలిన వంతు పూర్తిగా పట్టుకునే సామానుకు.

పాత మిషను చూసేటప్పుడు ఏం పరీక్షించాలో కూడా ఆయనే చూపించారు. చక్‌లో ఒక కడ్డీ బిగించి, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) ముక్కు మీద డయల్ ముల్లు ఆనించి, కడ్డీని చేత్తో పైకి లాగాలి. ముల్లు ఒకటి రెండు నూరో వంతుల కంటే ఎక్కువ కదిలితే బేరింగ్ వదులు. తర్వాత గ్రౌండ్ పిన్ (కచ్చితంగా గుండ్రంగా అరగదీసిన కడ్డీ) బిగించి చేత్తో తిప్పుతూ రనౌట్, అంటే తిరిగేటప్పుడు ఎంత ఊగుతుందో చూడాలి. మామూలు చవక త్రీ-జా చక్ అయితే 0.1 మి.మీ. వరకు చూపించినా ఆశ్చర్యం లేదు. ఒక మిల్లీమీటరు మందం ఉంగరానికి దాని అర్థం ఏమిటంటే ఒక పక్క 1.05, ఎదురు పక్క 0.95. కంటికి ఆనదు కానీ లోపల రాళ్లు పొదగాలంటే తేడా తెలుస్తుంది. ఆఖరుగా ఒక ఉక్కు కడ్డీని టెయిల్ స్టాక్ (అవతలి చివరను పట్టే భాగం) ఆసరా లేకుండా మూడంగుళాల మేర కోసి రెండు చివర్లూ కొలవాలి. కొలతల్లో తేడా వస్తే హెడ్ స్టాక్ (స్పిండిల్ ఉండే భాగం) బెడ్‌కు సరిగ్గా లేదన్నమాట.

జూన్ మూడో వారం: గడియారం లేత్ మీద మనసు

ఇక్కడ కొంచెం దారి తప్పాను, కానీ తప్పినందుకు బాధ లేదు. పాతబస్తీ వైపు ఒక పాత గడియారాల రిపేరు దుకాణంలో వాచ్‌మేకర్ లేత్ అమ్మకానికి ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. అరచేతి వెడల్పు హెడ్ స్టాక్, నల్లబడిన చెక్కపెట్టెలో వరసగా 8 మి.మీ. కాలెట్లు, అంటే వస్తువును చుట్టూ సమంగా బిగించే చీలికల గొట్టాలు. వాటి మీద అంకెలు మిల్లీమీటరులో పదో వంతులు: 8 అంటే 0.8 మి.మీ., 10 అంటే ఒక మిల్లీమీటరు. ఒక్కో కాలెట్టు దాని కొలతకు సరిగ్గా సరిపోయే తీగనే పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు మాత్రం కేంద్రం తప్పడం అన్నది ఉండదు.

దీనికి టూల్ పోస్టు ఉండనక్కర్లేదు. టీ ఆకారంలో ఒక ఆసరా కడ్డీ, దాని మీద గ్రేవర్‌ను (సన్నటి ఉలి) చేత్తో పట్టుకుని కోయడమే. ఏటికొప్పాకలో తరిణె పట్టేవాళ్లు అంకుడు కర్ర మీద ఉలి ఆనించే పద్ధతే ఇది, ఇక్కడ లోహం మీద. దుకాణం యజమాని ఒక ఇత్తడి తీగ చివర చిన్న పూస తీసి చూపించారు. చూస్తే వదలబుద్ధి కాలేదు.

కానీ ఆ 8 మి.మీ. కాలెట్లలో అయిదు మిల్లీమీటర్లకు మించిన కడ్డీ లోపలి నుంచి పోదు. ఉంగరాన్ని స్టెప్ చక్‌తోనో (మెట్లున్న బిగింపు) లక్కతోనో పట్టుకోవచ్చు, గాజు మాత్రం అసాధ్యం, ఉక్కు పంచ్ అసలే కాదు. దిద్దులు, ముక్కుపుడకలు, సన్నటి గుండ్లు మాత్రమే చేసేవాళ్లకు కొత్త మినీ లేత్ కంటే కాలెట్ల పెట్టెతో ఉన్న ఇలాంటి పాతదే మేలని నా అభిప్రాయం. కాలెట్లు లేకుండా ఉత్త లేత్ అమ్మితే మాత్రం కొనకండి. తర్వాత ఒక్కొక్కటిగా వెతుక్కుని కొనేసరికి మిషను ధర దాటిపోతుంది. విదేశాల నుంచి వచ్చిన పాత చిన్న లేత్‌లు, ముఖ్యంగా యూనిమ్యాట్ లాంటివి దొరికితే మోటారు మీది ప్లేటు చూడండి. 110 వోల్టుల మోటారును మన 230లో పెడితే అక్కడితో దాని పని అయిపోయినట్టే.

మనసు చంపుకుని వచ్చేశాను.

జూన్ నెలాఖరు: తేల్చేశాను

చివరికి మిగిలినవి రెండు. ఒకటి చైనాలో సీగ్ కంపెనీ చేసే సీ-జీరో తరగతి బుల్లి లేత్. చేత్తో ఎత్తి అలమరాలో పెట్టుకోవచ్చు. బెడ్ మీద స్వింగ్ 110 మి.మీ. గాజు ఆర్బర్ (లోపలి నుంచి పట్టుకునే దిమ్మె) మీద ఎక్కించాక క్రాస్ స్లైడ్ పైన ఇరుకైపోతుంది. రెండోది సెవెన్-బై అని పిలిచే మినీ లేత్. అంటే స్వింగ్ ఏడు అంగుళాలు, 180 మి.మీ. రకరకాల పేర్లతో, రకరకాల రంగులతో అమ్ముతారు కానీ లోపల కుదురు దాదాపు ఒకటే. స్పిండిల్‌లో 20 మి.మీ. రంధ్రం, ఎంటీ-3 టేపర్ (పనిముట్లు ఇరికించే వాలు రంధ్రం కొలత), టెయిల్ స్టాక్‌లో ఎంటీ-2, బరువు నలభై కిలోల దగ్గర. ఇద్దరు మనుషులు మూడు అంతస్తులు మోయగలిగేది.

సెవెన్-బైలో పొడవు రకాలున్నాయి, పది, పన్నెండు, పద్నాలుగు అంగుళాలు. "పొడుగుది తీస్కోండి మేడం, తేడా తక్కువే" అని షాపతను ఒకటే పోరు. పదంగుళాలదే తీసుకున్నాను, బ్రష్‌లెస్ మోటారుతో. మిగిలిన తేడా కాలెట్లకు పోయింది.

జులై: పెట్టె విప్పాక

ఈ మిషన్లు పెట్టెలోంచి తీయగానే పని చేసేవి కావు, పూర్తిగా బిగించి పంపిన విడిభాగాల కిట్టు అనుకుంటే సరిపోతుంది. ఎర్రటి గ్రీజు తుడవడానికే ఒక సాయంత్రం పట్టింది. అది నూనె కాదు, తుప్పు పట్టకుండా పూసేది. దాని కింద ఇసుకలాంటి పొడి కూడా ఉంటుంది కాబట్టి తుడవకుండా స్లైడ్లు నడపకూడదు. గిబ్ స్క్రూలు (స్లైడ్ల బిగువు సరిచేసేవి) కొన్ని వదులు, కొన్ని మరీ బిగువు. స్లైడ్ రెండు చివర్లా ఒకే బిగువుతో నడిచేదాకా పావు పావు తిప్పుకుంటూ సరిచేశాను. టెయిల్ స్టాక్‌ను హెడ్ స్టాక్ కేంద్రానికి తెచ్చాను. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పలకలు అతికించి, కింద రబ్బరు పెట్టి, దాని మీద బిగించాక కింది ఇంటివాళ్లకు చప్పుడు వినిపించడం లేదని వాళ్లే చెప్పారు. ఎర్తింగ్ ఉన్న ప్లగ్ పాయింట్ వేయించాను.

క్రాస్ స్లైడ్ డయల్‌లో ఒక గీత 0.025 మి.మీ. ఒక గీత తిప్పితే వ్యాసంలో 0.05 తగ్గుతుంది. దీన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను.

టూల్స్‌కు కార్బైడ్ ఇన్సర్టుల జోలికి ఎక్కువ పోలేదు. రాణిగంజ్‌లో మిరాండా కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ బిట్లు దొరుకుతాయి, గ్రైండర్ మీద నేనే పదును పెట్టుకుంటున్నాను. ఇత్తడికి టూల్ పైభాగం చదునుగా ఉండాలి, వాలు ఇస్తే టూల్ లోపలికి గుచ్చుకుపోతుంది. వెండికి దీనికి భిన్నం. పైన వాలు కావాలి, పదును బాగా ఉండాలి, అంచును నూనెరాయి మీద అద్దంలా రుద్దుకోవాలి, లేకపోతే వెండి కోసుకోకుండా టూల్‌కే అంటుకుని చిరుగుతుంది. కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. టూల్ ఎత్తు చూసుకోవడానికి మామ చెప్పిన చిట్కా: గుండ్రటి కడ్డీకీ టూల్ మొనకీ మధ్య స్టీలు స్కేలు పెట్టి మెల్లగా నొక్కాలి. స్కేలు నిలువుగా నిలిస్తే సరైన ఎత్తు, పై అంచు మనవైపు వాలితే టూల్ కిందికి ఉన్నట్టు, అవతలికి వాలితే పైకి ఉన్నట్టు.

వెండి ఇంకో పేచీ పెడుతుంది. అతుకు పెట్టిన ఉంగరం వేడికి మెత్తబడి ఉంటుంది. మెత్తటి వెండి లేత్ మీద జిగురులా సాగుతుంది. అందుకని అతుకు తర్వాత ఉంగరాల కడ్డీ మీద ఎక్కించి చెక్క సుత్తితో చుట్టూ కొట్టుకుంటున్నాను. గుండ్రం వస్తుంది, గట్టితనమూ వస్తుంది. బాబాయ్ ఎప్పటి నుంచో చేయిస్తున్న పనే. ఎందుకో ఇప్పుడు టూల్ కింద తెలిసింది.

చున్నీ, గాజులు, చేతి ఉంగరం తీసి గది బయట కొక్కేనికి పెట్టి లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. గ్లవ్స్ అసలే వద్దు. తిరిగే చక్ బట్టనో తోలునో పట్టుకుంటే చేతిని కూడా లాక్కుంటుంది. చక్ తాళం చక్‌లోనే వదిలి స్విచ్ వేయడం గురించి మామ నాకు చెప్పిన కథలు ఇక్కడ రాయను.

జులై చివర: పట్టుకునే సంగతి

ఉంగరాలకు ఈఆర్-40 అనే సైజు కాలెట్లు తీసుకున్నాను. చిన్న మిషనుకు ఈఆర్-32 చాలంటారు, కానీ అది 20 మి.మీ.తో ఆగిపోతుంది. ఉంగరం బయటి వ్యాసం 20 నుంచి 24 మధ్య పడుతుంది. ఈఆర్-40 అయితే 26 దాకా పోతుంది. పూర్తి సెట్టు కొనలేదు. ఒక్కో కాలెట్టు ఒక మిల్లీమీటరు మేర బిగుస్తుంది కాబట్టి 19 నుంచి 24 వరకు ఉన్నవి, చిన్నవి రెండు, అంతే.

ఈఆర్ కాలెట్లతో ఒక తిరకాసు ఉంది. కాలెట్టు ముందూ వెనకా రెండు వైపుల నుంచీ బిగుస్తుంది. అయిదు మిల్లీమీటర్ల ఉంగరాన్ని ముందు మాత్రమే పెట్టి బిగిస్తే వెనక భాగం ఎక్కువ మూసుకుపోయి, ముందు పట్టు వంకరపోతుంది. అందుకని వెనక వైపు ఉంగరం బయటి వ్యాసంతోనే ఒక ఇత్తడి దిమ్మె కూడా పెట్టాలి. ఆ దిమ్మెలు నాలుగు కొలతల్లో తయారుచేసుకోవడమే ఈ లేత్ మీద నా మొదటి అసలు పని.

గాజుకు ఆర్బర్ చేశాను. రాణిగంజ్‌లో 75 మి.మీ. డెల్రిన్ కడ్డీ ముక్క కొని, దాని మీద మెట్లుగా 57, 60, 63 దగ్గర కొలతలు తీసి, నడుమ రంధ్రం చేసి, రంపంతో ఎనిమిది చీలికలు పెట్టాను. మధ్యలో కోన్ తల ఉన్న అలెన్ స్క్రూ బిగిస్తే చీలికలు విచ్చుకుని గాజును లోపలి నుంచి పట్టుకుంటాయి. నాలుగు చీలికలైతే గాజు నాలుగు వైపులా ఉబ్బుతుంది. ఎనిమిది పెడితే ఆ ఇబ్బంది కనబడదు. ప్లాస్టిక్ కాబట్టి లోపల గీత పడదు. ఈ ముక్కకు అయిన ఖర్చు మంచి బిర్యానీ ఖర్చు కంటే ఎక్కువ కాదు, చేసే పని మాత్రం బిగింపుల్లో అన్నిటికంటే ఎక్కువ.

వంకరటింకర కప్పులకు, కాలెట్టుకు అందని వాటికి లక్క. లాడ్ బజార్ గాజులకు పేరు తెచ్చిన పదార్థమే, గడియారాల పనివాళ్లూ ఎప్పటి నుంచో లేత్ మీద వాడేది. ఇత్తడి బిళ్ల ముఖం మీద దగ్గర దగ్గరగా గుండ్రటి గీతలు తీసి, స్పిరిట్ దీపం మీద వెచ్చచేసి, బాబాయ్ ఇచ్చిన లక్క రుద్ది, వస్తువును అదిమాను. లక్క ఇంకా మెత్తగా ఉండగానే చేత్తో తిప్పుతూ సన్నటి పుల్లతో నెడుతూ కేంద్రానికి తేవాలి. చల్లారాక రాయిలా పట్టుకుంటుంది. కోత తేలికగా ఉండాలి, రాపిడికి వేడెక్కితే లక్క వదిలేస్తుంది. పనయ్యాక మళ్లీ వెచ్చచేసి తీసి, మిగిలిన మరకను స్పిరిట్‌లో నానబెట్టడమే.

ఆగస్టు: పొట్టు లెక్క

బాబాయ్ ప్రశ్నకు జవాబు ఇవ్వాలి కదా. మిషను కింద వచ్చిన రేకు ట్రేలో మూలలు ఎక్కువ, పొట్టు దూరితే రాదు. దాని మీద మందపాటి కాగితం మడతపెట్టి పరిచాను, బెడ్ వెనక ప్లాస్టిక్ షీటు నిలబెట్టాను. వెండి రోజు వేరు, ఇత్తడి రోజు వేరు, ఉక్కు రోజు వేరు. మధ్యలో మిషను పూర్తిగా బ్రష్ చేయాలి. బ్రష్‌లు కూడా వేరు. ఇత్తడి పొట్టు వెండిలో కలిస్తే కరిగించినప్పుడు ఆ ముద్ద దేనికీ కొరగాదు. ఉక్కు కలిస్తే అయస్కాంతంతో తీయవచ్చు.

ఒక ఉంగరం తూచాను. లేత్ ఎక్కక ముందు 5.42 గ్రాములు, దిగాక 4.87. కాగితం మీద దొరికిన పొట్టు 0.53. బాబాయ్‌కి ఫోన్ చేసి చెబితే, "ఆకురాయితోని నువ్వు చేసినప్పుడు గంతకంటే ఎక్కువే పోతుండె" అన్నారు. ఆయన నోటి వెంట అది పెద్ద మెచ్చుకోలే.

ఇప్పటికి మిగిలినవి ఇవి. ఈఆర్-40 చక్ ఇంకా 0.04 మి.మీ. రనౌట్ చూపిస్తోంది, దాని వెనక ప్లేటు అంచును స్పిండిల్ మీదే మళ్లీ కోసి సరిచేయాలి. ఆ రోజు మామ వస్తానన్నారు. మైనపు ఉంగరాలకు విడిగా ఒక టూల్ పదును పెట్టాలి. మైనం పొట్టు వెండి కాగితంలో పడకుండా వాటికి వేరే రోజు. రెండు-ఆరు కొలతలో ఒక గాజుల జత ఆర్డరు ఉంది, పట్టీలు వంచి అతుకు పెట్టడం అయింది. శనివారం వాటిని ఆర్బర్ మీద ఎక్కించి రెండు పక్కలూ ఫేసింగ్ చేస్తాను, 230 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి.